కూత ఆగని పరుగు

నమోదు 1. ఓడ వచ్చిన రోజు

నా పేరు బెవర వరహాలు. వలయం అంతర్జాతీయ పాఠశాలలో కొత్త టీచర్లను కుదురుపరచడం నా ఉద్యోగం. దీనికి ఇంకేదో పెద్ద పేరుంది గానీ హెడ్మాస్టరుగారికి తప్ప ఎవరికీ గుర్తుండదు. ఓడ దిగిన మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకురావడం, వాంతులు తగ్గేదాకా పక్కన కూర్చోవడం, మంచం ఎటువైపు వేసుకోవాలో చూపించడం, ఇంటి మీద బెంగ పెట్టుకుంటే నాలుగు తిట్టి అన్నం పెట్టడం నా పని. టీచరు కుదురుకునేదాకా సంగతులన్నీ ఇందులో రాయాలని రూలు. రాసేది నేను గనక నాకు తోచినట్టే రాస్తాను.

ఈసారి ముగ్గురు దిగారు. లెక్కల మాస్టారు, సంగీతం టీచరు ఇదివరకు వేరే వలయాల్లో పనిచేసినవాళ్ళే. తమ సామాను తామే సర్దుకున్నారు, నాకు పని తగ్గించారు. మూడో మనిషి బానోతు కమిలి, ఆటల టీచరు. మహబూబాబాద్ దగ్గర తండా నుంచి వచ్చింది. భూమి దాటి ఆకాశంలోకి రావడం ఇదే మొదలు. మోకాళ్ళ నిండా పాత దెబ్బల మచ్చలు. చాలా ఏళ్ళు కబడ్డీ ఆడిందట, ఆ తరవాత ఆడపిల్లల జట్లకు నేర్పిందట.

నిచ్చెన దిగి వలయంలో కాలు పెట్టగానే అందరూ చేసే పనే చేసింది. తల గిర్రున పక్కకు తిప్పి చూసింది, కళ్ళు తిరిగి నా మీద పడింది.

"మెల్లిగా తిప్పాలమ్మా తల. ఇదంతా తిరుగుతున్న సెక్రం. నీకు తెలవదు గానీ నీ సెవులకి తెలుస్తాది," అన్నాను.

"మస్తు తెలుస్తున్నదక్కా," అంది కళ్ళు మూసుకుని.

గదికి తీసుకెళ్ళి నీళ్ళు పోసుకోమన్నాను. కొత్తవాళ్ళకు ఇది నేను పెట్టే మొదటి పరీక్ష. చెంబు వంచింది. ధార గ్లాసులో పడకుండా పక్కకు వంగి బల్ల మీద పడింది. మామూలుగా కొత్తవాళ్ళు నా వంక చూస్తారు. ఈమె నా వంక చూడలేదు. గ్లాసును కాస్త జరిపి మళ్ళీ పోసింది, ఇంకాస్త జరిపి మళ్ళీ పోసింది, మూడోసారికి ఒక్క చుక్క బయట పడలేదు. అప్పుడు నవ్వింది. నాకు ఆ నవ్వు చూసి ఈమె నిలబడుతుందనిపించింది.

చోడంబలి, అదే రాగి జావ, కాచి ఇచ్చి చెప్పాల్సినవి చెప్పాను. వలయం తిరిగే వైపు నడిస్తే ఒళ్ళు బరువెక్కుతుంది, ఎదురు నడిస్తే తేలికవుతుంది. అందుకే ఇక్కడ కుడి ఎడమలు ఎవరూ వాడరు, బరువు దిక్కు, తేలిక దిక్కు అంటాం. చెవిపూస ఎప్పుడూ తియ్యకూడదు, ఎవరే భాషలో మాట్లాడినా అది తెలుగు చేసి వినిపిస్తుంది. దానికి తెలుగు నేర్పినవాళ్ళెవరో గానీ పసిపిల్లల చేత కూడా రేడియో వార్తలు చదివిస్తుంది, నవ్వకూడదు. చివరగా, ఇక్కడ పరుగెత్తకూడదు.

"మా బళ్ళె గూడ గోడమీద గదే రాసుంటదక్కా. వరండాల ఉరకొద్దు అని," అంది.

పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వస్తోంది. అవునమ్మా అనేసి లేచాను.

నమోదు 2. మొదటి ఆటల పీరియడు

ఇవాళ వలయమంతా, గాలి పోకుండా మూసుకునే గట్టి గదుల్లో కూర్చుని వచ్చింది. కారణం మా కొత్త టీచరు.

కమిలిని స్కూలు ఎందుకు పిలిపించిందో ముందు చెప్పాలి. ఇక్కడ బరువు తక్కువ. ఇక్కడే పుట్టిన పిల్లల ఎముకలు పెళుసు. పదేళ్ళ నోమా మొన్న నీళ్ళ బిందె దించబోయి మణికట్టు విరగ్గొట్టుకుంది. డాక్టరమ్మ సలహాతో ఆటల గది నిండా యంత్రాలు పెట్టారు. పిల్లల్ని పట్టీలతో వాటికి కట్టి నడిపిస్తారు. పిల్లలు మాట్లాడకుండా నడుస్తారు, గంట కాగానే దిగిపోతారు. వాళ్ళ ఒళ్ళు వంచి ఆడించగల మనిషి కావాలని డాక్టరమ్మ పట్టుబట్టింది.

కమిలి వచ్చీ రాగానే పట్టీలు విప్పేసింది. గది మధ్యకు పిల్లల్ని పిలిచి "ఉరకండి" అంది. చెవిపూసలు దాన్ని ఎవరి భాషలోకి వాళ్ళకు మార్చే ఉంటాయి. ఒక్కరూ కదల్లేదు. కళ్ళు పెద్దవి చేసుకుని చూశారట. సిగ్గుపడుతున్నారనుకుని తనే ముందు పరుగెత్తి చూపించింది.

అంతే. పిల్లలు గొంతు ఎత్తకుండా చేతులు పట్టుకున్నారు. పెద్దపిల్లలు చిన్నవాళ్ళను చంకనేసుకున్నారు. అందరూ పరుగు తీశారు, కమిలి వైపు కాదు, తలుపు వైపు. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్లలు పరుగెత్తడం అదే మొదలు. కాళ్ళు తడబడుతున్నాయి, కానీ వరస చెదరలేదు. మా పిచ్చితల్లి వాళ్ళ పక్కనే పరుగెత్తుతూ "శభాష్! గట్లనే! ఇంక జోరుగ!" అని చప్పట్లు కొట్టింది.

నడవలో పిల్లల్ని చూసిన వంటవాళ్ళు పొయ్యిలు ఆర్పి పరుగెత్తారు. వాళ్ళను చూసి మందుల గది వాళ్ళు, వాళ్ళను చూసి తోటవాళ్ళు. కింద తేలే మంచుగుట్ట మీద, మంచు తవ్వే గనిలో ఉన్నవాళ్ళను పని ఆపి పడవల్లోకి ఎక్కించారు. తలుపులు ఒకదాని తరవాత ఒకటి మూసుకున్నాయి. నేను గట్టి గదిలో బియ్యం డబ్బా పట్టుకుని కూర్చున్నాను, అది ఎందుకు పట్టుకొచ్చానో నాకే తెలియదు. పిల్లల్లో ఒక్కరూ ఏడవలేదు. నోమా కట్టు కట్టిన చేత్తోనే ఒక చంటివాణ్ణి మోసుకొచ్చింది. ఇలాంటి పిల్లల్ని నేను ఎక్కడా చూడలేదు, ఆ మాట ఇక్కడ రాసి తీరాలి.

ఎక్కడా గాలి లీకు లేదని తేలాక తలుపులు తెరిచారు. కమిలి ఇంకా చెమటలు తుడుచుకుంటూ, "అక్కా, ఏమైంది? ఏడ అంటుకున్నది?" అని నన్నడిగింది.

"ఎక్కడా అంటుకోనేదు, నువ్వే అంటించినావు," అన్నాను.

నమోదు 3. తుయమ్మ ఇంట్లో

పరుగు సంగతి కమిలికి, చెప్పాల్సిన పద్ధతిలో ఇవాళ చెప్పాను.

మొదటి రోజుల్లో, పిల్లలు పుట్టకముందు, ఒకసారి వలయానికి చిల్లు పడింది. కరెంటు పోయింది. ప్రమాదపు గంటలు మోగలేదు. గాలి పలచబడిపోయి మనిషి అరిస్తే పక్క మనిషికి వినపడలేదు. అప్పుడు కాపలా పని చేసే బాతర్ నడవ పట్టుకుని పరుగెత్తాడు. బరువు దిక్కుగా, ఎందుకంటే ఎక్కువ మంది ఉన్న గదులు అటే ఉన్నాయి. చెప్పడానికి ఊపిరి లేదు, ఆగడానికి వ్యవధి లేదు. అతను పరుగెత్తడం చూసినవాళ్ళంతా లేచి వెనకే పరుగెత్తి గట్టి గదుల్లో పడ్డారు, బతికారు. అతను చుట్టు మొత్తం తిరిగి, స్కూలు పక్క గట్టి గది తలుపు కనిపించేంత దగ్గరికి వచ్చి పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. అతని బూట్లు ఆ తలుపు మీద వేలాడుతుంటాయి. అప్పటినుంచి వలయంలో ఎవరూ పరుగెత్తరు. పరుగెత్తితే ప్రమాదమని అర్థం, చూసినవాళ్ళు ఎందుకని అడగకుండా గట్టి గదికి పోవాలి. ఏటేటా పిల్లలకు దారి అలవాటు చేయించేది కూడా నడకతోనే.

బాతర్ భార్య తుయమ్మ. మంగోలియా మనిషి. వలయం భద్రత అంతా ఆవిడ చేతిలో ఉంది. ఆవిడ కాదన్నది హెడ్మాస్టరుగారు అవుననలేరు.

కమిలి మెడలోని ఈల తీసి బల్ల మీద పెట్టింది. తరవాత, "నన్ను ఆ తల్లి దగ్గరికి తీస్కపో అక్కా," అంది.

దారిలో బూట్ల దగ్గర ఆగింది. రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకుంది. తల ఎత్తేసరికి తుయమ్మ ఎదురుగా నిలబడి ఉంది. ఇద్దరినీ లోపలికి పిలిచి ఉప్పు వేసిన పాల టీ ఇచ్చింది. నాకు ఆ టీ పడదు, అయినా తాగాను.

"తప్పైంది తల్లీ. తెల్వక చేసిన. మీ ఆయన ఉరుకును నేను ఆట చేసిన," అంది కమిలి. అనేసి ఏడ్చింది.

తుయమ్మ ఆమె ఏడుపు ఆగేదాకా చెయ్యి పట్టుకుంది. తరవాత మాట్లాడింది. చెవిపూస ఎంత వార్తలు చదివినా ఆ గొంతులో నెమ్మది దాచలేదు.

"నాకు నీ మీద కోపం లేదు. నువ్వు పిల్లలను ప్రేమించే మనిషివని తెలుస్తోంది. కానీ ఇక్కడ పరుగు ఒక్కటే ఉంది. దాన్ని రెండు చేస్తే, ఆటకొకటి ఆపదకొకటి ఉంటే, ఏదో ఒక రోజు నిజంగా ఎవరో పరుగెత్తుతారు. పిల్లలు చూసి నవ్వుతారు. ఆ నవ్వు ఖరీదు నాకు తెలుసు. మంచు ఎక్కించడం పూర్తి కాగానే ఓడ వెళ్ళిపోతుంది. నువ్వు అందులో వెళ్ళాలి."

నేను కమిలి తరఫున వాదించడానికే వెళ్ళాను. కానీ ఆవిడ చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. అదే నాకు బాధగా ఉంది.

మళ్ళీ ఓడ రావాలంటే ఏళ్ళు పడుతుంది. అంతదాకా పిల్లలకు ఆ పట్టీలే గతి.

నమోదు 4. కూర్చుని ఆడే ఆట

ఓడ వెళ్ళేదాకా పాఠం చెప్పడానికి కమిలికి అనుమతి ఉంది. పిల్లల్ని యంత్రాలకు కట్టి నడిపించు, అంతకుమించి వద్దు అన్నారు. ఇంకెవరైనా అయితే పెట్టె సర్దుకుని గదిలో పడుకుంటారు. ఈమె పొద్దున్నే లేచి, జడ బిగించుకుని, ఈల మెడలో వేసుకుని వెళ్ళింది. చూస్తే నాకు ముచ్చటేసింది.

నడక అయ్యాక పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టింది. "కాళ్ళు కదుపొద్దన్నరు గద. నోరు కదుపొద్దనలే," అని మొదలుపెట్టింది. ఊపిరి ఒక్కసారి నిండా పీల్చి, అది అయిపోయేదాకా చెడుగుడు చెడుగుడు చెడుగుడు అంటూ ఉండాలి. మధ్యలో ఊపిరి తీస్తే అవుట్. పాపం చెవిపూసలకు ఆ మాటకి ఏం చెప్పాలో తెలియలేదు, ఉన్నదున్నట్టు వదిలేశాయి. పది దేశాల పిల్లలకు మొదటిసారి ఒకే మాట ఒకేలా వినిపించింది.

ఇంకేముంది, అన్నాల దగ్గర చెడుగుడు, స్నానాల దగ్గర చెడుగుడు. హెడ్మాస్టరుగారు మీటింగులో మాట్లాడుతుంటే గాలి గొట్టంలోంచి చెడుగుడు. నేను కూడా చేపల పులుసు కలుపుతూ కూత పెట్టాను, చిన్నప్పుడు బొబ్బిలిలో మా వీధి ఆడపిల్లలందరిలో నాదే పెద్ద ఊపిరి. సగంలో దగ్గొచ్చింది. వయసు వల్ల అంటే ఒప్పుకోను, పొగ వల్ల వచ్చింది.

ఇవాళ నేను కమిలికి అంబలి తీసుకెళ్ళేసరికి నోమా ఆమె పక్కన కూర్చుని ఉంది.

"టీచర్, నేనొక ప్రశ్న అడగవచ్చా? మళ్ళీ ప్రమాదం ఎప్పుడు సంభవిస్తుంది?" అంది నోమా.

"ఎందుకు బిడ్డా? భయమైతున్నదా?"

"ఆ రోజు చాలా భయం కలిగింది. కానీ నా కాళ్ళకు చాలా బాగుంది. మేమందరమూ ఎదురుచూస్తున్నాము."

చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. కమిలి ఆ పిల్లను దగ్గరికి తీసుకుని తల మీద చెయ్యి వేసి, నా వంక చూసింది. ఇద్దరికీ ఒకేసారి భయం వేసింది.

పిల్ల వెళ్ళాక కమిలి అడిగింది. "అక్కా, బాతర్ సారు ఉరికిననాడు ఏమన్న అనుకుంట ఉరికిండా? నోట్ల నుంచి మాటేమన్న వచ్చిందా?"

"ఎలగొస్తాదే? గాలి నేదు కదా."

"మరి నేను కూత పెట్టుకుంట ఉరికితే?"

మొదట నాకు అర్థం కాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. నేను అంబలి అక్కడే పెట్టేసి చెప్పులు వేసుకున్నాను.

నమోదు 5. మళ్ళీ తుయమ్మ ఇంట్లో

ముందు నోమా అడిగిన మాట చెప్పాను. తుయమ్మ టీ పోస్తున్నది ఆపింది.

"ఎదురుచూస్తున్నారా?" అంది.

"అవునమ్మా. పిల్లలు కదా, కాళ్ళు ఊరుకోవు. ఆపదొస్తే గానీ పరుగెత్తడానికి నేదంటే ఆపదే కావాలనుకుంతన్నారు."

ఆవిడ టీ గిన్నె కింద పెట్టి కిటికీ వైపు తిరిగింది. తనకూ ఈ పిల్లలంటే ప్రాణం, ఆ నియమమంతా వాళ్ళ కోసమే. అది ఇటు తిరుగుతుందని ఆవిడ ఎన్నడూ అనుకుని ఉండదు.

అప్పుడు కమిలి ముందుకు జరిగింది. "తల్లీ, మీరన్నది నిజమే. రెండు ఉరుకులు ఒక్కతీరుగ కనవడొద్దు. మా ఆటల కూత ఉంటది. గీత దాటినోళ్ళు కూత ఆపొద్దు. ఆగిందంటే అవుటే. తిరిగొచ్చి మన గీత తాకినంకనే ఆపాలె. గట్లనే ఇక్కడ గూడ. కూతతోని ఉరికితే ఆట. కూత లేకుండ ఉరికితే, నడుమ కూత ఆగినా, గట్టి గదికి పోవుడే."

"పిల్లలు సరదాకు కూత లేకుండా పరుగెత్తితే?"

"పరుగెత్తరమ్మా," అన్నాను నేను. "ఆ రోజు మీరూ సూసినారు కదా వాళ్ళని."

"ఇంకొకటి తల్లీ," అంది కమిలి. "గాలి పలచనైతే కూత నిలువదు. ఎంత పెద్ద ఆటగానికైనా నిలువదు. నేను ఓడల వచ్చేటప్పుడు గాలి తగ్గిచ్చి పరీక్ష పెట్టిన్రు, నా నోట్ల రెండు మాటలు గూడ రాలే. కూత వినవడ్డదంటే గాలి ఉన్నట్టే. గంటలు మోగకపోవచ్చు. కూత అబద్ధం చెప్పది."

తుయమ్మ ఆమెను కొత్తగా చూసింది. భద్రతలో జీవితమంతా గడిపిన మనిషి. గాలి మంచిదో కాదో చెప్పే పరికరాలు ఆవిడ దగ్గర గోడ నిండా ఉన్నాయి. ఇలాంటిది ఒక్కటీ లేదు.

"ఒక్క ఆట," అంది చివరకు. "ఓడ వెళ్ళే రోజు. ఆటల గదిలో, తలుపులు తెరిచి. వలయంలో అందరికీ ముందే చెబుతాను. నేను చూస్తాను. చూసి నా మాట చెబుతాను."

ఇంటికి వస్తూ కమిలి నన్నడిగింది, పెట్టె సర్దుకోవాలా వద్దా అని. సర్దుకోమనే చెప్పాను. ఆమె మడిచిన బట్టలే నేను విప్పి మళ్ళీ మడిచాను. ఉద్యోగంలో చేరాక ఎంతోమందిని ఓడ దించాను, కొందరిని ఎక్కించాను. ఈమెను ఎక్కించాలంటే మాత్రం నాకు చేతకాదు.

నమోదు 6. ఓడ వెళ్ళిన రోజు

ఆటల గది నేల మీద కమిలి సున్నంతో గీతలు గీసింది. బరువు దిక్కుగా కూతకు వెళ్ళేలా, తేలిక దిక్కుగా వెనక్కి వచ్చేలా గీసింది. "పొయ్యేటప్పుడు ఒళ్ళు బరువైతది, బొక్కలు గట్టివడుతయి. వచ్చేటప్పుడు పానం తేలికైతది," అంది. బొక్కలంటే వాళ్ళ వైపు ఎముకలట. పక్కనే ఉన్న డాక్టరమ్మ ఆ గీతల్నే చూస్తూ, పట్టీలతో కట్టి మేం చేయించలేనిది ఇదే అని నా చెవిలో అంది.

వలయంలో పనిలేనివాళ్ళంతా తలుపుల దగ్గర మూగారు. తుయమ్మ శాలువా కప్పుకుని ఒక మూల నిలబడింది. కమిలి పెట్టె ఓడ నిచ్చెన కింద ఉంది. కెప్టెన్ కబురు మీద కబురు పంపుతున్నాడు, మనిషి వస్తోందా లేదా అని.

ముందు కమిలే కూతకు వెళ్ళింది. నేను ఆమె ఆట చూడటం అదే మొదటిసారి. గది చివరిదాకా ఒక్క ఊపిరిన వెళ్ళి, ఇద్దరు పిల్లల్ని తాకి, వంగి, జారి, గీత మీదికి వచ్చి పడింది. కూత ఎక్కడా తెగలేదు. తలుపుల దగ్గర పెద్దవాళ్ళు ముందు ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేశారు, కూత విని ఆగారు, ఆ తరవాత చప్పట్లు కొట్టారు.

పిల్లలకు ఇక పట్టపగ్గాలు లేవు. ఒకరి తరవాత ఒకరు చెడుగుడు చెడుగుడు అంటూ పరుగులు. పడుతున్నారు, లేస్తున్నారు, ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. ఇన్నేళ్ళలో ఈ స్కూల్లో అంత గోల నేను వినలేదు. నోమా కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని కూతకు వెళ్ళింది. పిల్లలంతా చుట్టూ మూగి నడుము పట్టుకున్నారు. అది నవ్వుతూనే కూత పెడుతూ గీత వైపు పాకుతోంది.

సరిగ్గా అప్పుడు తుయమ్మ శాలువా కింద పడేసి పరుగెత్తింది.

ఎవరికీ చెప్పలేదు, హెడ్మాస్టరుగారికి కూడా. నోరు మూసుకుని, గది మధ్యలోంచి, గీతలు తొక్కుకుంటూ, తలుపు దాటి నడవలోకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఆవిడ పరుగు మేమెవరం చూడలేదు.

నేను పిల్లల వైపు తిరిగాను. పిల్లలు నవ్వులో ఉన్నారు. నవ్వు ఆగకపోతే ఇక్కడితో అంతా అయిపోయినట్టే.

ఆగింది. నోమా నోట్లో సగం మాట అక్కడే తెగింది. పట్టుకున్నవాళ్ళు వదిలేశారు. చేతులు చేతులు కలిశాయి. పెద్దపిల్లలు చిన్నవాళ్ళను ఎత్తుకున్నారు. అప్పటిదాకా పైకప్పు ఎగిరిపోయే గోల చేసిన గదిలో పాదాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కమిలి ఈల వదిలేసి, అందరికంటే చిన్నవాణ్ణి భుజాన వేసుకుని, గదిలో ఎవరూ మిగల్లేదని చూసుకుని అందరి వెనక బయటికి వచ్చింది. పెద్దవాళ్ళం వాళ్ళ వెంట పడ్డాం. నేను గట్టి గది దగ్గరికి చేరేసరికి నా మోకాళ్ళు నన్ను తిడుతున్నాయి.

తుయమ్మ తలుపు పక్కన గోడకు ఆనుకుని రొప్పుతోంది. తల పైన బాతర్ బూట్లు. వరసగా వస్తున్న పిల్లల్ని ఒక్కొక్కరినీ చూసింది.

"ఒక్కరు కూడా నవ్వలేదు," అంది.

"నవ్వరు తల్లీ," అంది కమిలి, ఇంకా చంటివాణ్ణి దించకుండానే. "కూత లేదు గద."

అది పరీక్ష అని అప్పుడు గానీ మాకు తెలియలేదు. నాకు ఒళ్ళు మండింది, ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది, రెండూ ఒకేసారి. ఏదో అనబోయాను గానీ నోమా నాకంటే ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"మామ్మా, మీరు చాలా బాగా పరుగెత్తారు. ఈసారి కూతతో పరుగెత్తుతారా?"

తుయమ్మ కాదంటుందనుకున్నాను. ఆవిడ ఆ పిల్లను చూసింది, బూట్లను చూసింది, నడవ బరువు దిక్కుగా పైకి వంగి పోతున్న వైపు చూసింది. చెప్పులు విడిచింది. ఊపిరి నిండా పీల్చింది.

"చెడుగుడు," అంది. మంగోలియా యాసలో ఆ మాట బరువుగా పలికింది. మళ్ళీ అంది. మళ్ళీ మళ్ళీ అంటూ కదిలింది.

ఆ వయసులో ఒక్క ఊపిరితో వలయం చుట్టడం ఎవరివల్లా కాదు. కానీ ఆవిడకు ఊపిరి అందనిచోట అక్కడి తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు కూత అందుకున్నారు. వంటవాళ్ళు వంటింటి ముందు, తోటవాళ్ళు తోట ముందు. ఆవిడ ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టేదాకా వాళ్ళు ఆపలేదు. ఎవరూ చెప్పలేదు అలా చెయ్యమని. ఓడ నిచ్చెన దగ్గర కెప్టెన్, ఆటల టీచరు వస్తోందా అని అరిచి అడిగాడట. తుయమ్మ కూత ఆపకుండానే చెయ్యి అడ్డంగా ఊపిందట. ఆ పెట్టెను వెనక్కి పంపి అతను తలుపు మూసుకున్నాడు.

మేం బూట్ల కింద నిలబడి వింటున్నాం. కూత దూరమైంది. నడవ వంపు దాటింది. సన్నగా అయింది. కాసేపటికి ఏమీ వినపడలేదు. పిల్లల వేళ్ళు ఒకరివి ఒకరు వెతుక్కున్నాయి. నోమా నా కొంగు పట్టుకుంది. కమిలి కళ్ళు మూసుకుని చెవి అటే పెట్టింది. ఇంకో క్షణం అలాగే ఉంటే పిల్లలు లోపలికి అడుగు వేసేవాళ్ళే, వాళ్ళు నేర్చుకున్నది అదే.

అప్పుడు వెనక నుంచి వినిపించింది. మేం చూస్తున్న వైపు కాదు, రెండో వైపు నుంచి. చెడుగుడు, చెడుగుడు. గొంతు బొంగురుపోయింది, అడుగులు పట్టి పట్టి పడుతున్నాయి, అయినా వస్తోంది. తలుపుకు కాస్త ఇవతల, బాతర్ పడిపోయినచోట, నేల మీద నీలి రాయి ఒకటి పొదిగి ఉంటుంది. ఆవిడ రోజూ దాన్ని తప్పుకుని పక్కనుంచి నడుస్తుంది. ఇవాళ దాని మీదుగానే వచ్చింది.

వచ్చి, బూట్ల కింద గోడకు అరచెయ్యి ఆన్చి కూత ఆపింది.

ఒక్క పిల్ల కూడా గట్టి గది వైపు కదల్లేదు. మన గీత తాకినవాళ్ళు కూత ఆపవచ్చని కమిలి వాళ్ళకు ముందే నేర్పింది.